గడియారం కింద కొత్త రాయి

“ఆ పేరు మాత్రం వద్దని చెప్పు, దిలావర్ భాయ్,” సదానందం మళ్లీ బతిమాలాడు.

సూపర్‌వైజర్ దిలావర్ కర్నూలు మనిషి, ఈ పనికి కొత్తగా వచ్చినవాడు. “మీ ఊరోనికి రాయి పెడతాంటే సంతోషపడాల్సింది పోయి ఇదేందప్పా?”

సౌదీలోని హుఫూఫ్‌లో ఆ పాత బలదియా, అంటే మున్సిపల్ ఆఫీసును ఎవరో ఇంగ్లీషు ఇంజనీరు తన ఊరి విక్టోరియా కాలపు టౌన్‌హాలును తలుచుకుని గీశాడట. పైన గడియారం గోపురం, కింద గోడ నిండా రాతి పలకలు. పునాది వేసినవారు, ప్రారంభించినవారు, గడియారం ఇచ్చిన వ్యాపారి అందరూ అక్కడున్నారు. రాళ్లు మోసినవాడే లేడు. ఇప్పుడు దాన్ని మ్యూజియం చేస్తూ, ఏళ్ల కిందట గోపురం మరమ్మతులో పడి చనిపోయిన బుచ్చన్నకు ఒక పలక చేయించారు. బతికున్న కూలీ కంటే చచ్చిన కూలీని గౌరవించడం సులువు.

సదానందం, బుచ్చన్నలది జగిత్యాల పక్కన ఒకే ఊరు. ఇక్కడ ఒకే గది, ఒకే పొయ్యి. చెప్పులైనా హెల్మెట్లైనా ఎవరి చేతికి ఏది అందితే అది. బుచ్చన్న పని వదిలి పారిపోయాడని, వీసా ఇచ్చిన అతని కఫీల్ హురూబ్ కేసు పెట్టాడు. దొరికితే జైలే. చావుతో ఆ కేసు కూడా మూసేశారు.

సదానందానికి వెనకా ముందూ ఎవరూ లేరు. వారం వారం బుచ్చన్న భార్య సీతాబాయికి ఫోన్ చేస్తాడని, దోస్తు పెళ్లాన్ని తగులుకున్నాడని క్యాంపులో చెవులు కొరుక్కుంటారు. బొట్టు తీసేసి ఏళ్లు గడిచినా ఆమెకు ఆశ చావలేదు. నిన్న ఫోన్లో ఏడ్చింది.

“పేరు రాయి మీదికెక్కితే మనిషి ఇగ ఇంటికి రాడు. ఎట్లనన్న ఆపు.”

ఆపుతానని మాటిచ్చాడు.

“హెల్మెట్ మీద పేరును బట్టి గుర్తుపట్టినారంట గదా, పాపం, మొగమే మిగల్లేదంట,” అన్నాడు దిలావర్. “ఎందుకొద్దో మేనేజర్‌తో చెప్పు. ఆపిస్తాడు.”

సదానందం నోరు తెరిచాడు. చెబితే పలక ఆగుతుంది. కానీ ఏం చెప్పగలడు?

“దోస్తువి. నీ చేత్తోనే బిగించు,” అని దిలావర్ వెళ్లిపోయాడు.

సిమెంటు కలిపాడు. పలక నిలబెట్టి మట్టం చూశాడు. జేబులో ఫోన్ మోగింది. సీతాబాయి. ఎత్తలేదు. తువ్వాలుతో దుమ్ము తుడిచి, చెక్కిన అక్షరాల మీద వేలు ఆనించాడు. ఏడుపు ఆగలేదు.

బుచ్చన్న. అది అతని సొంత పేరు.