దారాన్ని బట్టి ముడి

చేతిలో కర్ర ఒక్కసారిగా తేలికైపోయింది.

బాలు తిట్టుకుంటూ దారం చుట్టాడు. కొసన చేపా లేదు, గాలమూ లేదు.

పర్చూరులో విత్తనాల కొట్టు అతనిది. ఆదివారమైతే కొట్టు మూసి, కొత్త కర్ర, కొత్త దారం బండికి కట్టుకుని వాడరేవు వచ్చేస్తాడు. పోయేటప్పుడు మాత్రం బజారులో చేప కొనుక్కుని పోతాడు.

ఈసారి అలా కుదరదు. తల్లి రాజ్యం జ్వరం పడి లేచింది. నోటికి ఏదీ సయించక గంజి కూడా వద్దంటోంది. పొద్దున బయలుదేరుతుంటే ఒక్కటే మాట అంది.

“కొన్నది తెస్తే ముట్టను. నువ్వు పట్టింది తే, పులుసుతో నాలుగు ముద్దలు తింటా.”

ఆ నాలుగు ముద్దలే ఇప్పుడు సముద్రం పాలయ్యాయి.

“ఆ కొస ఒకసారి చూపిస్తారా?”

టీకొట్టు ముందు కుర్చీలో కూర్చున్న పెద్దాయన అడిగాడు. ప్రతి ఆదివారం అక్కడే కనిపిస్తాడు. కుడిచేతిలో టీ గ్లాసు, ఎడంచేత్తో కుర్చీ చేతికి దారం ముళ్ళు వేస్తూ ఉంటాడు. అదో పిచ్చి అనుకునేవాడు బాలు.

చూపించాడు.

“వంకీ తిరిగింది చూశారా? తెగిన దారం ఇలా ఉండదు. మీ ముడి జారింది.”

“మీరూ చేపలు పడతారా?”

“తినను కూడా.”

టీ పోస్తున్న జోహరాబీ కిసుక్కున నవ్వింది.

చేప ముట్టని మనిషి గాలం పాఠాలు చెప్పడమేమిటని బాలుకి ఒళ్ళు మండింది. వెళ్ళి పాత ముడే వేశాడు. కాసేపటికి ఇంకో చేప గాలంతో సహా పోయింది. ఈసారీ కొస వంకీ తిరిగే ఉంది.

ఎండ చుర్రుమంటోంది. తడిసిన చొక్కా విప్పి భుజాన వేసుకుని, తనే వెనక్కి వచ్చాడు.

“ఏం ముడి వెయ్యమంటారు మరి?”

“మీరు వేసేది నైలాన్ తీగకి సరిపోతుంది. చుట్టు మీద చుట్టు పడి బిగుసుకుంటుంది. ఇది అల్లిన దారం, నున్నన. అలా వేస్తే పట్టు దొరకదు. దారాన్ని బట్టి ముడి.”

దారాన్ని జంట చేసి గాలం కంట్లోంచి దూర్చాడు. వదులుగా ముడేసి, ఆ ఉచ్చులోంచి గాలాన్నే దాటించాడు. బిగించే ముందు నీళ్ళతో తడిపాడు.

“పొడిగా ఎప్పుడూ లాగకండి. రాపిడికి వేడెక్కి దారం అక్కడే చెడుతుంది.”

చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. చూపు బాలు కడుపు మీద ఉంది. బొడ్డు పక్కనుంచి డొక్క దాకా వంకరగా పాకిన పాత మచ్చ.

“ఎద్దు పొడిచిందా?”

“ఆఁ. చిన్నప్పుడు.”

“ఇప్పుడేమన్నా బాధ ఉందా? బరువులెత్తితే?”

అడిగినవాళ్ళందరికీ ఆ మచ్చ కథ చెప్పి చెప్పి బాలు ఏనాడో విసిగిపోయాడు.

“మీకెందుకండీ అయ్యన్నీ? ముడి సంగతి చూడండి.”

పెద్దాయన ముడి బిగించి ఇచ్చాడు.

ఈసారి కర్ర వంగింది. దారం గీమంది. బాలు మోకాటి లోతు నీళ్ళలో నిలబడి లాగాడు, వదిలాడు, మళ్ళీ లాగాడు. మోచెయ్యంత పండుగప్ప ఒడ్డున పడి కొట్టుకుంది. ముడి చెక్కుచెదరలేదు.

పెద్దాయన లేచి దగ్గరికి వచ్చాడు. చేప వంక చూడలేదు. బాలునే ఆపాదమస్తకం చూశాడు. కళ్ళు చెమర్చాయి.

“ముడి నిలిచింది. నాకది చాలు,” అన్నాడు.

తినని చేపకి ఇంత సంబరమా అనుకున్నాడు బాలు. పొద్దుపోతోందని బండెక్కేశాడు. ఆయన పేరు అడగాలని కూడా తోచలేదు.

ఆ పూట రాజ్యం కంచం ఖాళీ చేసింది. చెయ్యి కడుక్కుని కొడుకు వంక చూసింది.

“ముడేసిచ్చినాయనకి దండం పెట్టొచ్చావా?”

“పొద్దుపోతోందని వచ్చేశానమ్మా.”

“చాల్లే సంబడం! చేప తినకపోతే పచ్చడన్నా తింటాడుగా.”

వచ్చే ఆదివారానికి కొత్త పండుమిరపకాయ పచ్చడి చిన్న జాడీకి ఎత్తి ఇచ్చింది.

బాలు వెళ్ళేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

“ఇంకెక్కడి శేషాచలం గారు బాబూ! మొన్న పోయారంట. గుండెపోటు. చీరాల బస్సు కండక్టరు చెప్పాడు,” అంది జోహరాబీ, కళ్ళొత్తుకుంటూ. “ఏం చేసేవారో ఏమో, ఒక్కనాడు చెప్పుకోలేదు. నువ్వు చేప పట్టిన రోజు మాత్రం, ఇక్కడున్నోళ్ళందరికీ టీ ఇప్పించారు.”

కుర్చీ చేతికి చిన్న చిన్న ముళ్ళు ఒకదాని పక్కన ఒకటి అలాగే ఉన్నాయి. బాలు వాటిని ఒక్కొక్కటే తడిమాడు. బాధ ఉందా అని అడిగితే, లేదండీ అని ఒక్క మాట చెప్పి ఉండాల్సింది.

ఆరోజు గాలం వెయ్యలేదు. జాడీ ఇంటికి తిరిగొచ్చింది.

“ఇవ్వలేదేంరా?”

“ఆయన లేడమ్మా.”

జరిగిందంతా చెప్పాడు. మచ్చ గురించి అడిగితే కసురుకున్నదీ దాచలేదు.

“మంచి మనిషమ్మా. ఎప్పుడు చూసినా ఒంటిచేత్తో కుర్చీకి ముళ్ళేస్తూ ఉండేవాడు. ఇలా.”

మంచం కమ్మీకి దారం చుట్టి, ఎడంచేత్తో వేసి చూపించబోయాడు. అతనికి రాలేదు.

రాజ్యం చూపు ఆ కమ్మీ మీదికి పోయింది. జాడీని మెల్లగా ఒళ్ళోకి తీసుకుంది.

“గుంటూరు ఆస్పత్రిలో నీ కడుపు కుట్టిన డాక్టరుబాబు, నువ్వు కళ్ళు తెరిచేదాకా ఇంటికి పోకుండా, నీ మంచం కమ్మీకి ఎడంచేత్తో అలాగే ముళ్ళేసుకుంటూ కూర్చున్నాడురా.”