నీళ్లు ముట్టని మనిషి

రత్నమణి అందించిన నీళ్ల చెంబును ఆ పెద్దమనిషి చేత్తో పక్కకు జరిపాడు.

"వద్దులేమా," అన్నాడు. అంతే.

పొద్దున్నుంచీ ఆసుపత్రి మెట్ల మీదే కూర్చున్నాడు. అసలే కర్నూలు ఎండ. పెదాలు పగిలాయి, మాట పెగలడం లేదు. అయినా వద్దట!

రత్నమణికి ఒళ్లు మండింది. మెడలో సిలువ చూసి ఉంటాడు, ఇంకేముంది? ఊళ్లో తన తండ్రి లాజరు వంగి దోసిలి పడితే పైనుంచి నీళ్లు పోసే రకమే ఈయనా. నర్సు చదువుకు వచ్చినా, తెల్లచీర కట్టినా ఆ దోసిలి తనను వదలదు కాబోలు అనుకుంది.

వార్డులో ఆమెకు అదే మొదటిరోజు. పెద్ద నర్సు విశ్వాసమ్మ ముందే గట్టిగా చెప్పింది.

"ఈ దినం నువ్వేం చేయొద్దు. నా ఎనకాలే తిరుగుతా చూడు. సాయంత్రం ఏం చూసినావో అడుగుతా. చెప్పలేకపోతివా, మీ ఊరి బస్సెక్కు."

ఊరికి పోతే మళ్లీ కలుపు కూలే. రత్నమణి కళ్లార్పకుండా చూసింది.

చూడ్డానికి కొదవా? కోడుమూరు దిక్కు పల్లెలో తెల్లవారుజామున కొట్లాట జరిగింది. ఓబులేసు అనేవాడు అవతలి పార్టీ పిల్లవాణ్ణి నరికి చంపి, తనూ నరుకులు తిన్నాడు. ఆ పిల్లవాడి శవం ఆసుపత్రి వెనక కొట్టులో శవపరీక్ష కోతకు ఉంది. ఓబులేసు లోపల బల్ల మీద ఉన్నాడు. భుజం చీలి తెల్లగా ఎముక కనపడుతోంది. డాక్టరు నరం వెతికి పట్టి కట్టాడు. విశ్వాసమ్మ అదిమిన గుడ్డలన్నీ ఎర్రబడ్డాయి. రత్నమణి చూపు తిప్పలేదు.

మధ్యాహ్నానికి అవతలి పార్టీవాళ్లు వేటకొడవళ్లతో వచ్చిపడ్డారు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలు. పోలీసులంతా మంత్రుల డేరాల దగ్గరే ఉన్నారు. ఇక్కడున్న ఒక్కడూ గోడ దూకాడు.

మెట్ల మీది పెద్దమనిషి లేచి, చేతులు చాపి వాకిలికి అడ్డం నిలబడ్డాడు.

"ఈ నరుక్కునేది ఈడికి చాలు. పోండ్రా."

"జరుగు. వాణ్ణి ఇడిచేది లేదు."

"నన్ను నరికి పోండి."

తోశారు, గుద్దారు. ఆయన జరగలేదు. వెనకనుంచి ఒక కుర్రవాడు తలుపు మీదికి విసిరిన వేటు ఆయన మెడ మొదట్లో దిగింది. నెత్తురు గోడ మీదికి చిమ్మింది. ద్వారబంధం పట్టుకుని ఆయన మెల్లగా కిందికి జారాడు.

విచిత్రమేమిటంటే, నరికినవాడే కొడవలి పారేసి తల బాదుకుంటూ ఏడ్చాడు. తక్కినవాళ్లు వాణ్ణి ఈడ్చుకుని పారిపోయారు.

రత్నమణి ఇక చూస్తూ నిలబడలేకపోయింది. పరుగున వచ్చి మెడకు గుడ్డ అదిమింది. చెంబు తెచ్చి పెదాలకు పెట్టింది.

ఆయన పళ్లు బిగించాడు. నీళ్లు గడ్డం మీదుగా జారి నెత్తుట్లో కలిశాయి.

ప్రాణం పోయేటప్పుడు కూడానా! ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆమె చేతుల్లోనే ఆయన పోయాడు.

సాయంత్రానికి ఓబులేసు కళ్లు తెరిచాడు. బతుకుతాడన్నాడు డాక్టరు.

అప్పుడు విశ్వాసమ్మ అడిగింది. డాక్టరు నరం ఎక్కడ పట్టిందీ, కట్టు ఎలా కట్టిందీ రత్నమణి పూసగుచ్చినట్టు చెప్పింది. విశ్వాసమ్మ మెచ్చుకోలుగా తల ఊపింది.

"ఇంగోటి గూడా చూసినా అక్కా. సచ్చేటప్పుడు గూడా ఆ మనిషి నా చేతి నీళ్లు తాగలేదు. అంత కులమా?"

విశ్వాసమ్మ లేచింది. ఆమెను చేయిపట్టి వెనక కొట్టుకు తీసుకుపోయింది. అక్కడ రెండు శవాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి పెద్దమనిషిది. రెండోదాని మీది గుడ్డ తొలగించింది. మీసం సరిగా రాని పిల్లవాడు. అదే ముక్కు, అదే నుదురు.

"ఈ దేవేంద్రప్పకు వీడొక్కడే కొడుకు," అంది విశ్వాసమ్మ పెద్దమనిషిని చూపిస్తూ. "బిడ్డను మన్నులో పెట్టకముందు కన్నతండ్రి ఎవురి చేతి నీళ్లయినా ఎట్ల ముడతాడే?"