శుభ్రమైన లిస్టు

“మళ్లీ చచ్చింది!” ఈశ్వరప్రసాద్ తల పట్టుకున్నాడు. కొల్లేరు చెరువుల్లో ఆక్సిజన్ తగ్గితే చేపల రైతులకి కబురు పంపాల్సిన అతని ప్రోగ్రాం, ‘తెరిచిన ఫైళ్లు ఎక్కువయ్యాయి’ అంటూ ఆగిపోయింది.

“పనయ్యాక ఫైళ్లు మూస్తున్నారాండీ?” అడిగింది అదే కంపెనీలో పనిచేసే భార్య సాయిదుర్గ.

“ఇది ఫంక్షనల్ భాష దుర్గా! ఇందులో పాత లిస్టుని దిద్దం; పనయిన ఫైలు నంబరు వదిలేసి, తెరిచిన ఫైళ్లకి కొత్త లిస్టు తయారవుతుంది. ఎంత శుభ్రంగా ఉందో చూడు.”

“లిస్టులోంచి తీసేస్తే ఫైలు మూసుకుపోతుందాండీ?”

ఊళ్లో కుర్రాళ్లందరికీ ఆ భాష నేర్పే మహానుభావుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“పోనీ, ట్యాంకు నిండుంటుంది. మోటారు కట్టేశారా?”

ఇక్కడైనా నెగ్గాలనుకున్నాడు. “ఫోన్లో పనుల లిస్టులోంచి ఎప్పుడో తీసేశాను!”

సాయిదుర్గ కిటికీ తెర పక్కకి లాగింది. డాబా మీంచి నీళ్లు ధారగా పడుతున్నాయి.

లిస్టు మాత్రం శుభ్రంగా ఉంది.