అభ్యంతరాలు లేవు

మడ అడవిని రక్షిత జాబితాలోంచి తీసి రొయ్యల చెరువులకి ఇవ్వాలంటే, అక్కడికే వెళ్ళి నోటీసు చదవాలని నిబంధన. పంచాయతీ కార్యదర్శి క్రిస్టీనా "అభ్యంతరాలు లేవు" అని ఆఫీసులోనే రాసేసింది. కాలవలో నీళ్ళు పోటెక్కేదాకా ఆగి పడవ ఎక్కేసరికి చీకటి పడింది.

"చెట్లకి చదివి వినిపిస్తారేటండీ?" పడవ నడిపే ఏడుకొండలు నవ్వేడు.

"రూలయ్యా. చదివేసి పోదాం."

ఫోను వెలుగులో నోటీసంతా చదివింది. చివర్న, "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అడిగింది.

కీచురాళ్ళు ఒక్కసారిగా ఆగిపోయాయి.

"ఆయ్, ఉందండి," అంది చెట్లలోంచి ఒక మగగొంతు, ఎంతో మర్యాదగా.

ఎవరో పీతలు పట్టేవాడనుకుంది. అలవాటుగా పెన్ను తీసి, "పేరు చెప్పండి," అంది.

"ఓలేటి ధర్మారావండి."

ఏడుకొండలు చేతిలో పడవ తోసే గెడ ఆగిపోయింది. "రాయకండి మేడంగారూ," అన్నాడు సన్నగా. "మా అన్నయ్యండి. తుఫానులో ఇక్కడే పోయేడు. మనిషి దొరకలేదు."

క్రిస్టీనా పెన్ను కాగితం మీదే ఉండిపోయింది.

నీళ్ళు కదిలిన చప్పుడు లేదు. గొంతు మాత్రం ఈసారి పడవ పక్కనుంచే వచ్చింది.

"రాసేరాండీ? ఇంకా చాలామందిమి ఉన్నామండి."