బోర్డు వెనక గొంతు

అందరూ నిచ్చెన అని పిలిచే పొడుగాటి ఆటగాడు కోర్టులోకి అడుగుపెట్టాడో లేదో, బాస్కెట్ బోర్డు వెనక మొదటి వరసలోంచి గొంతు లేచింది.

"వచ్చాడండీ దొర! ఆ మోకాళ్ళ కట్లు చూడండి, పగిలిన పైపుకి గుడ్డలు చుట్టినట్టు!"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. అంతా ఆ ఊరి జట్టు మనుషులు. బయటి జట్టు ఆటగాణ్ణి ఎవరు తిట్టినా చాలు, వాళ్ళకి టికెట్టు గిట్టుబాటైపోతుంది.

తిట్టినవాడు బైకుల మెకానిక్కు. యాభైకి దగ్గర పడ్డాడు. గోళ్ళ కింద గ్రీజు. రేకు మీద మేకుతో గీసినట్టుండే ఆ గొంతు ఎంత గోలలోనైనా విడిగా వినిపిస్తుంది.

"వాడి సంగతి బాగా తెలిసినట్టుందే!" అన్నాడు పక్కసీటు పెద్దమనిషి, పాప్‌కార్న్ నములుతూ.

"తెలియకేం? షెడ్డు మూసుకుని మరీ వస్తా. వాడు ఏ ఊళ్ళో ఆడితే ఆ ఊరు."

"అమ్మో, అంత పగా!"

మెకానిక్కు ఆ మాటని ఈగని తోలినట్టు తోలేశాడు.

నిచ్చెన చరిత్రంతా అతని నాలుక చివరే ఉంది. పందొమ్మిదో ఏట పెద్ద క్లబ్బు ఎగరేసుకుపోయింది. బూట్ల కంపెనీ వాడి మొహాన్ని గోడగోడకీ అతికించింది. దాంతో వాడి తల, ఒంటికంటే ఎత్తు పెరిగింది. నల్లద్దాలు ఇంట్లో కూడా తీసేవాడు కాదు. మోకాలు విరగ్గానే ఆ క్లబ్బు వాణ్ణి పాత టైరులా ఇంకో క్లబ్బుకి దొర్లించింది. అది మరో దానికి. ఇప్పుడు ముప్పై ఆరేళ్ళు. ఈ మ్యాచ్ గెలిపిస్తే ఇంకో ఏడాది ఉంచుతాం, లేకపోతే ఇంటికే అని మేనేజరు పేపరోళ్ళ ముందే చెప్పేశాడు. ఇంటికెళ్ళి ఏం చేస్తాడు? పెళ్ళాం ఎప్పుడో తలుపేసుకుంది. ఆట తప్ప మరో విద్య రాదు. కనీసం పంక్చరు వెయ్యడం కూడా రాదు.

"ఒరేయ్ నిచ్చెనా! ఎగరమంటే గడప దాటుతున్నావేంట్రా? ప్రకటనలో ఎగిరావుగా, అప్పుడేమన్నా తాడు కట్టి లాగారా?"

నవ్వులు.

"క్లబ్బులు నిన్నొదిలేశాయి, పెళ్ళాం వదిలేసింది! నువ్వే ఆ బంతిని వదలకుండా పీడిస్తున్నావు!"

ఈసారి పెద్దమనిషి నవ్వలేదు. "ఇంటి విషయాలెందుకులెండి," అని గొణిగాడు.

స్కోరు సమానంగా ఉంది. ఆట ఇక ముగుస్తుందనగా నిచ్చెనని ఎవరో తోసేశారు. నేలమీద పొడుగ్గా పడ్డాడు. విజిల్ మోగింది. రెండు ఫ్రీ త్రోలు. ఎవరూ అడ్డురారు. గీత దగ్గర నిలబడి వేసుకోవడమే. ఒక్కటి పడితే చాలు, గెలుపు నిచ్చెన జట్టుదే.

హాలంతా లేచి అరవడం మొదలెట్టింది. సరిగ్గా అప్పుడే సెక్యూరిటీ వచ్చి మెకానిక్కు భుజం మీద చెయ్యేశాడు.

"పైన వీఐపీ బాక్సులో మేడమ్‌లు ఫిర్యాదు చేశారు. ఇంకొక్క మాటన్నావో, బయటికే!"

బాక్సులో మేడమ్‌లు! ఆటకి వీపు పెట్టి ఫొటోలు దిగేవాళ్ళు. వాళ్ళ చెవులకి నొప్పి! మెకానిక్కు పళ్ళు నూరాడు. కానీ నోరు మూశాడు.

నిచ్చెన బంతిని నేలకి కొట్టాడు. బోర్డువైపు చూశాడు. మళ్ళీ కొట్టాడు. వేశాడు.

బంతి రింగుకి తగిలి బయట పడింది. హాలు దద్దరిల్లింది.

"చూశారా?" అన్నాడు పెద్దమనిషి. "మీరు నోరు మూసుకున్నా వాడు గురి తప్పాడు. వాడి పని అయిపోయింది. పోనీ పాపం, వదిలెయ్యండిక."

మెకానిక్కు ఒక్క ఉదుటున సీటు మీదకెక్కి నిలబడ్డాడు. మెడనరాలు ఉబ్బాయి.

"దద్దమ్మా! అది బంతిరా, పచ్చిగుడ్డు కాదు! ఆ చేతులున్నవి అద్దంలో తల దువ్వుకోడానికేనట్రా? వెయ్యరా వెధవా! వెయ్యి!"

సెక్యూరిటీ అతని కాలరు పట్టి కిందికి లాగాడు. నిచ్చెన వేసిన రెండో బంతి గాల్లో ఉండగానే మెకానిక్కుని మెట్ల మీదుగా ఈడ్చుకుపోయాడు. వెనక హాలు ఒక్కసారిగా చల్లబడిపోయింది. వల కదిలిన చప్పుడు కూడా వినిపించింది.

ఆటగాళ్ళ గేటు పక్కన అతన్ని గోడకి నొక్కిపెట్టి, సెక్యూరిటీ పైవాళ్ళకి ఫోన్ చేస్తున్నాడు. తలుపు తెరుచుకుంది. చెమట కారుతూ, కుంటుతూ నిచ్చెన బయటికొచ్చాడు. నేరుగా ఇటే వస్తున్నాడు.

సెక్యూరిటీ కంగారుగా అడ్డం నిలబడ్డాడు. "వద్దు సార్, చెయ్యి చేసుకోకండి. వీడి సంగతి మేం చూసుకుంటాం."

నిచ్చెన అతన్ని పక్కకి నెట్టి, పొడుగాటి చెయ్యెత్తి మెకానిక్కు మెడచుట్టూ వేసి, "మొదటి బంతికి నోరెందుకు మూశావన్నయ్యా, చిన్నప్పట్నించీ నీ తిట్టు చెవిన పడకుండా నేనేనాడైనా వెయ్యగలిగానా?" అన్నాడు.