పరీక్షలో లేని పాట

ఆఫీసులో వైటూకే కంప్యూటర్ల పని తెమిలి ఆ రోజు పెందలాడే సింగపూర్ టాంపినీస్‌లోని ఫ్లాటుకు చేరిన వేణుమాధవ్, కూతురు వాయిస్తుండగానే పియానో మూత దించబోయాడు. యోగిత చేతులు తియ్యలేదు.

“పరీక్షలో లేని పాట దేనికే?”

“ఇది వాల్ట్జ్, డాడీ. డాన్స్ కోసం.”

“రాసినవాడు పియానో పరీక్షల్లో ఏ గ్రేడు పాసయ్యాడు?”

“ఏ గ్రేడూ లేదు లా!” అంది సింగపూర్ యాసలో. “ ఇది రాసేటప్పటికి నాకంటే కాస్తే పెద్ద. ఇప్పుడందరూ అతని పాటలతోనే గ్రేడ్లు పాసవుతున్నారు.”

“నోటికేం తక్కువ లేదు! అయినా ఈ ఇంట్లో డాన్సు చేసేదెవరు?”

సోఫాలో ఉన్న వేణుమాధవ్ తల్లి ఆండాళమ్మ లేచి, కొంగు బొడ్లో దోపుకుంది.

“నేను. రోజూ ఈ వేళకి చేస్తూనే ఉన్నాను. ఇవాళ నువ్వే తొందరగా వచ్చిపడ్డావు. ఆ మూత వదలరా!”