మోతీ రిపోర్టు

"మేడం, ఈయన మొఖం మీదనే చెప్పుండ్రి. మా మోతీకి గిట్ల చేసింది ఈయనే అని."

ఉపేందర్ రక్తపరీక్ష కాగితాన్ని టేబుల్ మీద కొట్టినట్టు పెట్టాడు. బొగ్గుగనిలో డ్యూటీ దిగి, బట్టలైనా మార్చకుండా, పక్క క్వార్టర్ ఆఫీసరు కామరాజును గోదావరిఖనిలోని ఈ పశువుల దవాఖానకు లాక్కొచ్చాడు. రానంటే పోలీసుస్టేషన్‌కు పోదామన్నాడు. కుక్క మోతీని ఎత్తుకుని వెనకాలే ఉపేందర్ తండ్రి మొగిలి వచ్చాడు.

"నేనేం పెట్టలేదని వారం నుంచీ చెబుతున్నా," అన్నాడు కామరాజు.

"పెట్టకుంటే క్లోమం ఎట్ల ఉబ్బింది? రిపోర్టుల పాజిటివ్ అని రాసున్నది. నూనె కూరలు గిట్ట తింటే వస్తదట. మీ గేటు కాడ పండుకుంటదని నీకు కోపం."

"కోపం ఉంది. రోజూ గేటు ముందు పాడుచేస్తే ముద్దుపెట్టుకోవాలా? అంతమాత్రాన కుక్కకు విందులు పెట్టి చంపుతానా?"

ఉపేందర్ అతని కాలరు పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యి, ఉపేందర్." డాక్టర్ సంధ్యారాణి లేచి నిలబడింది. "నువ్వు తెచ్చిన రిపోర్టును నేను నమ్మలే."

"ల్యాబోళ్లు అబద్ధం రాసిండ్రా?"

"అబద్ధం కాదు. ఒంట్ల స్టెరాయిడ్ హార్మోన్ ఎక్కువున్న కుక్కలకు క్లోమం మంచిగున్నా ఈ పరీక్ష ఒక్కోసారి పాజిటివ్ చూపిస్తది. అందుకే నిన్న మోతీని తెచ్చినప్పుడు స్కాన్ చేసిన. క్లోమానికి ఏం కాలే. కుండలకు కుండలు నీళ్లు తాగుడు, పొట్ట జారుడు, వెంట్రుకలు ఊడుడు, ఇదంత ఆ హార్మోన్‌తోనే."

కామరాజు చొక్కా సర్దుకున్నాడు. "విన్నావుగా? క్వార్టర్ల లైనులో అందరి ముందూ నన్ను హంతకుణ్ణన్నావు. అందరి ముందే తప్పు ఒప్పుకోవాలి."

"ఆగు. గా హార్మోన్ ఊకనే ఎక్కువైతదా మేడం?"

సంధ్యారాణి ఇంకో కాగితం తీసింది.

"కాదు. నిన్న ఆ పరీక్ష కూడ చేసిన. ఇది దాని ఒంట్ల పుట్టిన జబ్బు కాదు. ఎవరో నెలల తరబడి దినాం స్టెరాయిడ్ గోళీలు తినిపిస్తున్నరు."

ఉపేందర్ మెల్లగా కామరాజు వైపు తిరిగాడు.

"ఇప్పుడేమంటవ్? నూనె కాదట. గోళీలట."

"నాకేం తెలుసు? నేను ఆ కుక్కను ముట్టుకోను కూడా ముట్టుకోను." కామరాజు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"స్టేషన్ల చెప్పు." ఉపేందర్ ఫోన్ తీసి నంబరు నొక్కసాగాడు. "గోళీలు ఏ దుకాణంల కొన్నవో అదీ చెప్పు."

మొగిలి లేచి, కొడుకు ఫోన్‌ను చేత్తో మూసేశాడు.

"ఆయనను ఇడిశిపెట్టు, కొడుకా. నా దమ్ము రోగానికి నువ్వు నెలనెలా తెచ్చిచ్చే గోళీలే అవి. మింగితే మొఖం ఉబ్బుతదని, ఆర్నెల్ల సంది రొట్టెల పెట్టి దీనికే ఏస్తున్న."